మానసిక వైద్యశాల కట్టడం - ఒక పరిశీలన

ఒక ప్రాంతపు వాడుకలో ఉన్న తిట్లను, ఎకసెక్కాలను పరిశీలిస్తే అక్కడి జనం దేనికి భయపడుతున్నారో కొంతవరకు తెలుస్తుంది. హైదరాబాదు నగరంలో అటువంటి మాట ఒకటి ఉన్నది. తరగతిలో ఒక విద్యార్థి పొంతనలేని సమాధానం చెప్పగానే వెనుక బెంచీ నుంచి "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి సార్" అని వినిపిస్తుంది. అందరూ నవ్వుతారు. నేనూ కొన్నేళ్లపాటు నవ్విన వాణ్ణే. ఎర్రగడ్డ నిజానికి ఒక పేట పేరు. అక్కడ రైతుబజారు ఉన్నది; ఛాతీ వ్యాధుల ఆసుపత్రి ఉన్నది; 2017 నుంచి మెట్రో రైలు ఆగుతున్నది. అయినప్పటికీ ఆ పేరు చెవినపడగానే మన మనస్సులో మెదిలేది ఒక్కటే కట్టడం. అదే ప్రభుత్వ మానసిక చికిత్సాలయం.

ఈ ఎర్రగడ్డ జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గంలోని భాగమని చాలామందికి స్ఫురించదు. తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయమైన ఫిలింనగర్‌కూ ఆ చికిత్సాలయానికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లు మాత్రమే. కొండ దిగి, చెక్‌పోస్టు దాటి, యూసుఫ్‌గూడ మీదుగా పోతే చేరుకోవచ్చును. నేను ఈ రెండు స్థలాలనూ కలిపి ప్రస్తావించడానికి కారణం ఉన్నది. మానసిక వైద్యశాల అనేది మనకు రెండు విధాలుగా ఉన్నది. ఒకటి నేల మీద కట్టినది. రెండవది మన తలలలో కట్టుకున్నది. ఈ రెండవదానికి ఇటుక, సున్నం చాలావరకు సరఫరా చేసినది సినిమా. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసిన నాటినుంచి ఈ కొండల మీద ఎన్ని ఆసుపత్రుల సెట్లు లేచి పడిపోయినవో లెక్కపెట్టలేము. వాటిలో 'పిచ్చాసుపత్రి' సెట్టుది ఒకటే ముద్ర: ఇనుప ఊచలు, చారల దుస్తులు, ఎత్తయిన చిన్న కిటికీ, నడవాలో గంతులు వేసే రోగులు, మూలన విద్యుత్తు పెట్టె. ప్రేక్షకుడు నవ్వాలి, లేదా భయపడాలి. మూడవ అవకాశం సాధారణంగా ఇవ్వరు.

ఇచ్చిన చిత్రాలు లేకపోలేదు. పరిశ్రమ మద్రాసులో ఉన్న కాలంలో, 1960లో, గుత్తా రామినీడు దర్శకత్వంలో 'చివరకు మిగిలేది' వచ్చినది. మానసిక చికిత్సాలయంలో పనిచేసే నర్సుగా సావిత్రి అందులో నటించినది. (బుచ్చిబాబు నవలకూ ఈ చిత్రానికీ పేరు తప్ప సంబంధం లేదు, పరీక్షలలో ఈ పొరపాటు తరచు కనబడుతున్నది గనుక చెప్పవలసి వచ్చినది.) రోగికీ నర్సుకూ నడుమ ఉన్న గీత ఎంత సన్ననిదో ఆ చిత్రం చూపినది. తరువాతి కాలంలో ఆ మార్గం పట్టినవారు తక్కువ.

ఇక పేర్ల సంగతి. భాష బోధించేవాణ్ణి గనుక నా దృష్టి ముందు అక్కడికే పోతుంది. తెలుగులో 'పిచ్చాసుపత్రి', ఉర్దూలో 'పాగల్‌ఖానా'. రెండింటిలోనూ రోగమే పేరైనది గాని చికిత్స పేరు కాలేదు. ఇంగ్లీషులో గందరగోళానికి 'బెడ్లం' అనే మాట ఉన్నది. అది లండనులోని బెత్లెం ఆసుపత్రి పేరు అరిగిపోగా మిగిలినది. అంటే వారికీ ఒక ఎర్రగడ్డ ఉన్నదన్న మాట. అయితే మన నగరానికి ఇంతకంటే మంచి పేరు తెలియకపోలేదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో మూసీ నదికి దక్షిణాన కట్టించిన వైద్యశాల పేరు దారుష్షిఫా, అనగా స్వస్థతా గృహం. అది ప్రత్యేకించి మనోరోగుల కొరకు కట్టినది కాదు. కాని దాని కట్టడం గమనించదగినది: నడుమ విశాలమైన చతురస్రపు ముంగిలి, చుట్టూ రెండంతస్తుల గదులు. ఏ గదిలోని రోగికైనా తలుపు తీస్తే ఆకాశం కనబడుతుంది.

ఈ ముంగిలి పద్ధతి పశ్చిమాసియా వైద్యశాలలలో మనోరోగుల కొరకు కూడా వాడినారు. సిరియాలోని అలెప్పో నగరంలో 1354 నాటి అర్గూన్ వైద్యశాలలో చిన్న చిన్న ముంగిళ్ల చుట్టూ రోగుల గదులు, నడుమ నీటి తొట్టి ఉన్నవి. టర్కీలోని ఎడిర్నెలో సుల్తాన్ రెండవ బాయజీద్ 1488 నాటికి పూర్తిచేయించిన వైద్యశాలలో గుమ్మటం కింద ఆరు పలకల మండపం, దాని నడుమ ఫౌంటెన్ ఉన్నవి. అక్కడ రోగులకు సంగీతం వినిపించేవారని పదిహేడవ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబి వర్ణించినాడు. నీటి చప్పుడు, సంగీతం రోగాన్ని కుదిర్చినవని నేను అనబోను. కాని రోగికి చెవులున్నవని, ఆ చెవులలో ఏమి పడుతున్నదో పట్టించుకోవాలని ఆ కట్టడపు మేస్త్రీలకు తెలుసు. మనకు ఆ తెలివి కొంత తప్పినట్లున్నది.

దీనికి ఎదురుగా బెత్లెం కథ చూడండి. 1676లో రాబర్ట్ హుక్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు దానికి కొత్త భవనం నిర్మించినాడు. ముందుభాగం రాజప్రాసాదం వలె ఉండేది. లోపల వరుస కొట్లు. వాటిలోని రోగులను చూడడానికి జనం వేడుకగా వచ్చేవారు. పాత నగరపు కందకం పూడ్చిన నేల మీద, చాలినంత పునాది లేకుండా లేపినందువల్ల గోడలు బీటలువారి, పందొమ్మిదవ శతాబ్దారంభంలో దానిని విడిచిపెట్టవలసి వచ్చినది. ఫిలింనగర్ భాషలో చెప్పవలసి వస్తే అది సెట్టు. ముందునుంచి చూడడానికే కట్టినది.

సెట్ల ప్రస్తావన వచ్చినది గనుక మా ఇంటి సంగతి ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. మా అమ్మ తమ్ముడు, మా మామూ, కృష్ణానగర్‌లో ఉంటూ సినిమా సెట్లకు వడ్రంగి పని చేసేవాడు. రీపర్లు, ప్లైవుడ్డు, మేకులు, రంగు - వీటితో రెండు రోజులలో కోర్టు, నాలుగు రోజులలో కోట. పిచ్చాసుపత్రులు కూడా కట్టినాడు. కర్ర ఊచలకు నల్లరంగు, దానిమీద తుప్పురంగు వేసి ఇనుము వలె చూపడంలో ఆయనకు పేరుండేది. నేను ఇంటర్ చదివే రోజులలో ఆయనకు నిద్ర పోయినది. తరువాత మాట పోయినది. ఆ తరువాత ఇంటిల్లిపాదికీ నెమ్మది పోయినది. నగరంలోని ఒక ఆసుపత్రిలో చేర్చినాము. పేరు అనవసరం. వైద్యులు మంచివారే, మందూ పని చేసినది. పందొమ్మిది రోజులకు ఇంటికి వచ్చినాడు.

కాని ఆ కట్టడం! ప్రవేశద్వారంలో నిలువునా జారే ఇనుప జాలీ గేటు. అది తెరిచిన ప్రతిసారీ నడవా పొడవునా మోగేది. బంధువులు కూర్చునే బెంచీ సరిగ్గా ఆ గేటుకు ఎదురుగా ఉండేది. లోపలినుంచి చూసేవారికి మేము, బయటినుంచి చూసే మాకు వారు, జంతుప్రదర్శనశాలలో వలె కనబడేవాళ్లం. స్నానాల గది తలుపు సగానికి కోసి ఉండేది. రాత్రంతా దీపం ఆర్పేవారు కారు. గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయినది. కాలం తెలియక తల్లడిల్లుతున్న మనిషికి ఆగిన గడియారం చూపడం కంటే గోడ బోసిగా వదలడం మేలు. ఇంటికి వచ్చిన తరువాత మామూ చాలా రోజులకు నవ్వుతూ అన్నాడు: "బేటా, నేను ప్లైవుడ్డుతో కట్టిన పాగల్‌ఖానాలకు కిటికీలు ఇంతకంటే పెద్దవి."

నవ్వు వెనుక నష్టం జరిగినది. నెలకొకసారి చూపించుకోవలసి ఉండగా ఆయన ఆ గేటు మాట తలచుకుని పోలేదు. మందులు ఆగిపోయినవి. ఏడాది తిరగకుండానే రోగం తిరగబెట్టినది. పనీ పోయినది. రెండవసారి కుదురుకోవడానికి మూడేళ్లు పట్టినది. మందుకు లొంగిన రోగం గేటు మూలంగా తిరిగివచ్చినదని నేను నమ్ముతాను. ఆనాటినుంచి ఏ ఆసుపత్రికి పోయినా తలుపులు, కిటికీలు చూడడం నాకు అలవాటైనది.

మామూ కర్రను ఇనుముగా చూపేవాడని చెప్పినాను గదా. సరిగ్గా దీనికి తిరగవేసిన పని ఒకటి 1796లో ఇంగ్లండులోని యార్కు పట్టణంలో జరిగినది. విలియం ట్యూక్ అనే క్వేకరు వ్యాపారి స్థాపించిన 'రిట్రీట్' అనే చికిత్సాలయంలో కిటికీలకు భద్రత కొరకు ఇనుప చట్రాలే పెట్టినారు. కాని అవి మామూలు ఇళ్లలోని చెక్క చట్రాల వలె కనబడేటట్లు చేయించినారు. గదుల తాళాల మీద తోలు కప్పినారు, చప్పుడు రాకుండా. భద్రత ఎంతమాత్రమూ తగ్గలేదు. అవమానం తగ్గినది. నా ఈ వ్యాసంలో చెప్పదలచినది ఏదైనా ఉంటే అది ఈ కిటికీలోనే ఉన్నది. భద్రత కావాలంటే ఆదరణ వదులుకోవాలని, ఆదరణ కావాలంటే భద్రత సడలించాలని మనవారిలో ఒక భ్రమ కలదు. ఈ రెండూ ఒకే చట్రంలో ఇమడగలవు. ఇమిడించడానికి కాస్త ఎక్కువ శ్రమ, కాస్త ఎక్కువ ఖర్చు కావలసి ఉంటుంది. మనం తరచు ఆదా చేసేది అక్కడే.

భద్రత అంటే ఏమిటో స్పష్టంగా మాట్లాడుకుందాం. తనకు తాను హాని చేసుకోవాలనే తలపు తీవ్రంగా వచ్చే గడియ చాలామందిలో తాత్కాలికమైనది. ఆ గడియ దాటించగలిగితే మనిషి దక్కుతాడు. కనుక గదిలోని కొక్కేలు, పరదా కడ్డీలు బరువు పడగానే ఊడివచ్చే రకంవి కావాలి. అద్దం పగిలినా ముక్కలుగా రాలనిదై ఉండాలి. స్నానాల గదికి గడియ ఉండాలి, రోగికీ మానమున్నది గనుక. ఆ గడియ అవసరమైనప్పుడు బయటినుంచి నర్సు తీయగలిగినదై ఉండాలి. తలుపును సగానికి కోయడం దీనికి పరిష్కారం కాదు. గది తలుపు లోపలికి మాత్రమే తెరుచుకునేదైతే లోపలివారు మంచం అడ్డం పెట్టి మూయగలరు. బయటికి కూడా తెరుచుకునే బందులు ఉండాలి. మన ఊళ్లో పంకా లేనిదే వేసవి గడవదు. అందుకే కప్పు ఎత్తుగా లేపడం, పంకాను అందని ఎత్తున పంజరంలో బిగించడం, గాలి అటూ ఇటూ పారేటట్లు కిటికీలు ఎదురెదురుగా పెట్టడం - ఇవన్నీ నక్షా గీసేనాడే ఆలోచించవలసినవి. కట్టిన తరువాత అతికేవి కావు.

భద్రత పేరిట జరిగే ఘోరానికి తమిళనాడులోని ఏర్వాడి సాక్ష్యం. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అక్కడి ఒక ఆశ్రయ గృహంలోని పాకకు నిప్పంటుకున్నది. రోగులను గొలుసులతో కట్టి ఉంచినారు. ఇరవై ఎనిమిది మంది మరణించినారు. పారిపోకుండా వేసిన గొలుసు పారిపోవలసిన వేళ కూడా వదలలేదు. అగ్నిప్రమాదంలో తెరుచుకోని తాళం భద్రత కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగిని ఏ విధంగానైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించినది. మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయడాన్ని కూడా నిషేధించినది. సినిమాలోని ఆ మూలనున్న పెట్టె చట్టానికి విరుద్ధమన్న మాట. సురక్షితమైన, పరిశుభ్రమైన పరిసరాలు, మరుగు, కాలక్షేపానికి, మతాచరణకు తగిన సదుపాయాలు రోగికి హక్కులని అదే చట్టం చెబుతున్నది. యూనిఫారం బలవంతంగా తొడిగించరాదని, బలవంతంగా తల గొరిగించరాదని కూడా. నమాజుకో పూజకో ఒక శుభ్రమైన మూల, కాళ్లు కడుక్కోవడానికి జారని గచ్చు మీద ఒక కొళాయి ఏర్పాటు చేయడం గొప్ప ఖర్చేమీ కాదు.

ఎర్రగడ్డ చికిత్సాలయం పూర్వం నిజాం రాజ్యంలోని జాల్నాలో ఉండేది. 1953లో ఇక్కడికి తరలివచ్చినది. ఆనాటికి ఎర్రగడ్డ నగరానికి వెలుపలి ప్రదేశం. క్షయరోగుల ఆసుపత్రి, మనోరోగుల ఆసుపత్రి - సమాజం దూరంగా ఉంచదలచిన రెండింటినీ పక్కపక్కన ఉంచినారు. తరువాత నగరమే పెరిగి వాటిని చుట్టుముట్టినది. దూరం చెరిగిపోయినా ప్రహరీ గోడ మిగిలినది. 1999లో జాతీయ మానవహక్కుల సంఘం దేశంలోని మానసిక చికిత్సాలయాలను పరిశీలించి, వాటిలో అనేకం జైళ్ల వలె కట్టినవేనని తేల్చినది. ఇది కట్టినవారి క్రూరత్వం అనుకోరాదు. ఆనాటి చట్టాలకు రోగి వేరు, ఖైదీ వేరు అన్న ఆలోచన స్పష్టంగా లేదు. మేస్త్రీకి ఉండాలంటే ఎక్కడినుంచి వస్తుంది?

మంచి నక్షా సైతం జనసమ్మర్దానికి తట్టుకోలేదన్నది మరొక పాఠం. అమెరికాలో థామస్ కర్క్‌బ్రైడ్ అనే వైద్యుడు పక్షి రెక్కల వలె వెనక్కి జరుగుతూ పోయే భవన పంక్తులను ప్రతిపాదించి, 1854లో గ్రంథం వెలువరించినాడు. ప్రతి వార్డుకూ వెలుతురు, గాలి దక్కాలన్నది ఆయన ఉద్దేశం. ఒక ఆసుపత్రిలో రెండువందల యాభై మందికి మించరాదన్నది ఆయన నియమం. నక్షాను అనుసరించినారు, నియమాన్ని విడిచినారు. వేలమందిని కుక్కగా ఆ భవనాలే నరకమైనవి.

కిటికీ గూర్చి ఒక మాట. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్న 46 మంది రోగుల రికార్డులు పరిశీలించి 1984లో ఫలితం ప్రకటించినాడు. సగం మందికి కిటికీలోనుంచి చెట్లు కనబడేవి. తక్కిన సగం మందికి ఇటుక గోడ. చెట్లు చూసినవారు తక్కువ రోజులలో ఇంటికి పోయినారు, బలమైన నొప్పిమందులు తక్కువగా అడిగినారు. వారు మనోరోగులు కారు, సంఖ్య చిన్నది, నిజమే. కాని ఆయనే తరువాత స్వీడన్ పరిశోధకులతో కలిసి, గోథెన్‌బర్గ్‌లో ఒంటరి గదులు, తోటలు, కదిలించగల కుర్చీలతో కట్టిన మానసిక వార్డును పాతదానితో పోల్చగా, కొత్తదానిలో రోగులను బలవంతంగా బంధించవలసిన సందర్భాలు తగ్గినవని 2018లో తెలిపినాడు. చోటు ఇరుకైతే కోపం పెరుగుతుంది. కూడళ్లలో సిగ్నలు దగ్గర మనకు రోజూ అనుభవమే.

కుర్చీల సంగతి నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 1950ల చివర కెనడాలోని వేబర్న్ ఆసుపత్రిలో వృద్ధ స్త్రీల వార్డుకు కొత్త రంగులు, కొత్త కుర్చీలు వచ్చినవి. అయినా ఎవరూ మాట్లాడుకునేవారు కారు. రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గమనిస్తే కుర్చీలన్నీ గోడల వెంట వరుసగా ఉన్నవి, తుడవడానికి సులువని. ఆయన వాటిని చిన్న బల్లల చుట్టూ మార్పించినాడు. కొద్ది వారాలలో ఆ స్త్రీల సంభాషణలు దాదాపు రెట్టింపైనవి. మందు కాదు, ఇంజెక్షను కాదు. మన ఆసుపత్రులలో కుర్చీలు ఎలా ఉన్నవో ఈసారి పోయినప్పుడు చూడండి. బస్టాండు గుర్తుకు వస్తుంది.

పాశ్చాత్యుల నక్షాలలో ఒక లోపం మనకు తగులుతుంది. వారు రోగి ఒక్కడే వస్తాడనుకుంటారు. మన రోగి వెంట తల్లి వస్తుంది, టిఫిన్ డబ్బా వస్తుంది, మేనమామ వస్తాడు. 1950లలో అమృతసర్ మానసిక చికిత్సాలయంలో డాక్టర్ విద్యాసాగర్ ఈ సంగతి గ్రహించి, ఆవరణలో డేరాలు వేయించి కుటుంబీకులను రోగులతో ఉండనిచ్చినాడు. ఇంటివారికి రోగం అర్థమైనది. రోగికి తాను వెలివేయబడలేదని తెలిసినది. గుడ్డ డేరా చేసిన మేలు రాతి గోడ చేయలేకపోయినది. తరువాత వెల్లూరు మొదలైన చోట్ల కుటుంబంతో ఉండే ఏర్పాట్లు వెలసినవి. కొత్తగా కట్టేవారు బంధువులకు మెట్ల కింద చోటు కాక, వంట చేసుకునే వీలున్న వసారా ఇవ్వాలి. స్త్రీలకు మరుగైన ముంగిలి ఇవ్వాలి. గదుల పేర్లు తెలుగులోను ఉర్దూలోను పెద్ద అక్షరాలతో వ్రాయించాలి. దారి అడగడానికి సిగ్గుపడే మనిషికి బోర్డే దిక్కు.

ఈ కొండలలో వేల ఏండ్లుగా నిలిచిన బండరాళ్లను పేల్చి మనం బంగళాలు కట్టుకున్నాము. మిగిలిన నాలుగు బండలనైనా, వాటి నడుమ వేప చెట్లనైనా ఉంచి అటువంటి ఆసుపత్రి ఒకటి ఇక్కడే కడితే బాగుండునని నాకు తోస్తుంది. సెట్టు కట్టడానికి చోటున్న కొండ మీద నిజమైనదానికి చోటు దొరకదా?

మామూ ఇప్పుడు ఒక చిన్న దవాఖానాకు నెలనెలా పోతున్నాడు. అక్కడ వైద్యుని గది కిటికీకి ఎదురుగా చెట్టు ఉన్నది, గేటు లేదు. ఈ వ్యాసం కొరకు ఆయనను అడిగితే దినపత్రిక అంచున పెన్సిలుతో ఒక నక్షా గీసి ఇచ్చినాడు. ముందు వసారా, తరువాత ముంగిలి, చుట్టూ గదులు, ప్రతి తలుపుకూ రెండు వైపులా తిరిగే బందులు. ప్రవేశం దగ్గర ఏమీ గీయలేదు. "గేటు మరిచిపోయినావు మామూ" అన్నాను. ఆయన పెన్సిలు కొనతో ఒక చిన్న చతురస్రం చూపించి, "వాచ్‌మన్‌కు కుర్చీ వేసినాను గదా బేటా" అన్నాడు.